నీటి దోషమా, వంశ దోషమా? నెల్లూరు మెట్ట చెప్పిన ఎముకల కథ



కొన్నాళ్ళ క్రితం మా ఊరి మందుల దుకాణం వద్ద ఒక యువకుడు నన్ను పలకరించాడు. స్వగ్రామం ఉదయగిరి వైపు మెట్టలో ఉంది. ఇప్పుడు ఇక్కడ, సముద్రం ఒడ్డున, రొయ్యల చెరువుల దగ్గర పనిచేస్తున్నాడు. కొంతసేపు సంకోచించి, మనసులోని మాట బయటపెట్టాడు.

"సార్, ఫ్లోరైడు జన్యువుల మీద పనిచేస్తుందని ఫోనులో చదివాను. మా నాయనకు నడుము వంగిపోయి ఉండాది. ఇప్పుడు నాకు పెళ్ళి మాటలు జరుగుతున్నాయి. ఆ జబ్బు నాకూ, నా బిడ్డలకూ వస్తుందా? దానికి రక్తపరీక్ష ఏదైనా ఉందా?"

అతడు చదివిన మాట అబద్ధం కాదు. కాని ఆ మాట నుంచి అతడు చేరుకున్న నిర్ణయం తప్పు. జన్యువు చెడిపోవడం వేరు, చెడిపోని జన్యువు చేసే పని హెచ్చుతగ్గులు కావడం వేరు. ఈ భేదం తెలియక మన మెట్ట పల్లెలలో ఎన్నో కుటుంబాలు అకారణంగా తలవంచుకొని బ్రతికాయి. ఆ తప్పులో ఒకప్పుడు నాకూ పాలుంది. అందువల్ల ఈ కథను మొదటి నుంచి చెప్పదలిచాను.

1937: నెల్లూరు జిల్లా పేరు వైద్యగ్రంథాలకెక్కిన సంవత్సరం

మన దేశంలో మనుషులకు వచ్చే ఫ్లోరోసిస్ వ్యాధిని శాస్త్రీయంగా మొట్టమొదట వర్ణించినది నాటి నెల్లూరు జిల్లాలోనే. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాకు చెందినవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు చేరాయి. ఆ జిల్లాయే తరువాత ప్రకాశం జిల్లా అయింది.

ఆ పల్లెలలో జనం నడివయసు రాకముందే నడుము బిగుసుకొని, మెడ తిప్పలేక, చివరకు మంచం పట్టేవారు. పిల్లల పళ్ళ మీద సున్నపు మచ్చలు, ఆపైన గోధుమరంగు చారలు కనిపించేవి. వాటిని మనవారు గారపళ్ళు అన్నారు. మనుషుల కంటె ముందే, 1930ల నడిమి సంవత్సరాలలో, పశువులలో ఇటువంటి వ్యాధిని మద్రాసు రాజధానిలోనూ హైదరాబాదు సంస్థానంలోనూ పశువైద్యులు గుర్తించారు.

మద్రాసు శివారు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పుడు డైరెక్టరుగా ఉన్నవారు హెన్రీ ఎడ్వర్డ్ షార్ట్. ఆయనతోపాటు సి.జి. పండిట్, టి.ఎన్.ఎస్. రాఘవాచారి నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గురించి 1937లో ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం ప్రకటించారు. అదే సంవత్సరం షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ కలిసి మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్‌ను గురించి మరొక వ్యాసం వ్రాశారు. వీరిలో బర్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. మద్రాసులోని రేడియాలజీ సంస్థకు నేటికీ ఆయన పేరే ఉంది. పండిట్ తరువాతి కాలంలో భారత వైద్య పరిశోధన మండలికి నాయకత్వం వహించారు. షార్ట్ 1948లో గార్న్‌హామ్‌తో కలిసి మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగి పెరుగుతుందని నిరూపించి లోకప్రసిద్ధుడయ్యారు.

ఎక్స్‌రేలో ఈ రోగుల ఎముకలు మామూలు కంటె తెల్లగా, దట్టంగా కనిపిస్తాయి. వెన్నుపూసల మధ్య కండరబంధాలు సైతం సున్నం పట్టి ఎముకగా మారుతాయి. వెన్నెముక అంతా ఒకే కడ్డీగా బిగుసుకుంటుంది. కారణం తాగే నీటిలో ఉన్న ఫ్లోరైడు.

ప్రపంచంలో ఇతర చోట్ల కూడ ఈ చిక్కుముడి దాదాపు అదే కాలంలో విడిపోతూ వచ్చింది. అమెరికాలో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్స్ ఊరి ప్రజల గారపళ్ళ కారణం కోసం దశాబ్దాల తరబడి వెదికాడు. 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ ఊళ్ళ నీటిలో ఫ్లోరైడు ఉందని కనుగొన్నాడు. 1932లో డెన్మార్కులో క్రయొలైట్ అనే ఖనిజాన్ని నూరే కార్మికుల ఎముకలు గట్టిపడడాన్ని మోలర్, గుడ్యాన్‌సన్ గమనించారు. అక్కడిది కర్మాగారపు ధూళి. మన నెల్లూరు మెట్టలో మాత్రం అన్నం వండుకొనే నీరే ఆ పని చేసింది.

ఈ నీటికి ఆ గుణం ఎక్కడిది? మెట్టలోని గట్టి రాతి పొరలలో ఫ్లోరైడు గల ఖనిజాలున్నాయి. వాన తక్కువ. భూగర్భజలం ఆ రాతిని అంటిపెట్టుకొని సంవత్సరాల తరబడి నిలిచి ఉంటుంది. నీటిలో కాల్షియం తక్కువైన కొద్దీ ఫ్లోరైడు మరింతగా కరుగుతుంది. బావి ఎండి బోరు లోతుకు పోయినప్పుడు అనేక చోట్ల ఫ్లోరైడు పెరిగింది. తీరంలో ఉండే మనకు బోరులో ఉప్పు తగిలితే నాలుకకు వెంటనే తెలుస్తుంది. ఫ్లోరైడుకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. అందుకే అది తరాల తరబడి ఎవరి కంటా పడలేదు.

నేను చేసిన పొరపాటు

1970ల చివరలో మెట్టలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరాను. నలభై ఏళ్ళ రైతు ఒకాయన నడుము నొప్పితో వచ్చేవాడు. ఎవరైనా పిలిస్తే మెడ ఒక్కటీ తిప్పలేక మనిషి మొత్తం తిరిగేవాడు. కీళ్ళవాతమనుకొని మాత్రలిచ్చాను. ఒకనాడు వెంట వచ్చిన ఆయన తల్లిని, వైద్యులందరూ అడిగినట్టే, "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అమ్మా?" అని అడిగాను.

"మా ఆయనకు ఉండింది అయ్యా. మా మరిదికీ ఉండాది. మా రకతంలోనే ఉండాదేమో" అన్నదామె.

నేను తల ఊపాను. అంతే. ఒక్క మాట కూడ అనలేదు. కాని ఆ తల ఊపే ఊరిలో తీర్పు అయిపోయింది. డాక్టరుగారే వంశంలో ఉందన్నారని మాట పాకింది. ఆ రైతు కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది.

తరువాత ఆయనను పట్టణానికి పంపి ఎక్స్‌రే తీయించినప్పుడు గాని, నా పాఠ్యగ్రంథంలో నాలుగు వాక్యాలుగా చదివి మరచిన ఫ్లోరోసిస్ నా ఎదుట నిలిచి ఉన్నదని తెలియలేదు. మగపెళ్ళివారి ఇంటికి నేనే స్వయంగా వెళ్ళి, ఇది రక్తదోషం కాదు, బావి దోషమని చెప్పాను. వారు మర్యాదగా కూర్చోబెట్టారు, మజ్జిగ ఇచ్చారు, మాట మాత్రం మార్చుకోలేదు.

ఆ కుటుంబంలో తండ్రికీ కొడుకుకూ ఉమ్మడిగా ఉన్నది రక్తం ఒక్కటే కాదు, చేదబావి కూడ. అదే బావి నీరు తాగిన, వారితో ఏ బంధుత్వమూ లేని ఇరుగుపొరుగువారి నడుములూ బిగుసుకొనే ఉన్నాయి. నేను అటు చూడలేదు. ఆనాటి నుంచి "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్న ప్రశ్న వెనుక రెండవ ప్రశ్న తప్పక వేస్తూ వచ్చాను: "మీరంతా ఏ బావి నీళ్ళు తాగుతారు?"

ఎముకకు తూము తెరిచే మాంసకృత్తు

ఇక జన్యువుల సంగతికి వద్దాము. మన దేహంలోని దాదాపు ప్రతి కణం కేంద్రకంలోనూ ఒకే డి.ఎన్.ఎ. గ్రంథం ఉంది. అందులో మాంసకృత్తులను తయారుచేసే జన్యువులు సుమారు 20,000. కాలేయ కణంలోనూ ఎముక కణంలోనూ ఉన్నది ఒకే గ్రంథమైతే, ఒకటి పైత్యరసాన్నీ మరొకటి ఎముకనూ ఎట్లా తయారుచేస్తున్నాయి? ఏ కణంలో ఏ పుటలు చదవబడుతున్నాయన్నదే తేడా.

ఒక పెద్ద చెరువును ఊహించుకోండి. దానికి ఎన్నో తూములు. నీరు అందరిదీ ఒకటే. ఏ తూము తెరిస్తే ఆ కాలువ కింది పొలం పండుతుంది. జన్యువుల విషయంలో ఈ తూములు తెరిచే, మూసే పనివారే అనులేఖన కారకాలు, అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. ఇవి కూడ మాంసకృత్తులే. మన దేహంలో ఇటువంటివి సుమారు 1,600 రకాలున్నాయి.

ఎముకకు సంబంధించిన ముఖ్యమైన కారకం పేరు రన్క్స్-2. దీని జన్యువు మన 6వ క్రోమోజోము మీద ఉంది. ఈ మాంసకృత్తులో రంట్ అనే ఒక భాగం ఉంది. ఈగ పిండాలలో మొదట గుర్తించిన ఒక జన్యువు పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. ఆ భాగం డి.ఎన్.ఎ. మీద టీ-జీ-టీ-జీ-జీ-టీ వంటి చిన్న అక్షరాల వరుసను గుర్తుపట్టి అక్కడ కూర్చుంటుంది. ఒంటరిగా కూర్చుంటే పట్టు అంతంతమాత్రమే. సి.బి.ఎఫ్.-బీటా అనే జత మాంసకృత్తు వచ్చి చేయి వేస్తే పట్టు బిగుస్తుంది. అప్పుడు మరికొన్ని సహాయక మాంసకృత్తులు చేరి, అక్కడ బిగుతుగా చుట్టుకొని ఉన్న డి.ఎన్.ఎ.ను వదులుచేస్తాయి. ఆర్.ఎన్.ఎ. పాలిమరేజ్ అనే వ్రాయసగాడు వచ్చి జన్యువుకు నకలు వ్రాస్తాడు. ఆ నకలును చదివి కణం ఎముకకు కావలసిన కొల్లాజెన్, ఆస్టియోకాల్సిన్ మొదలైన మాంసకృత్తులను అల్లుతుంది. కొన్ని వేళలలో ఇదే రన్క్స్-2 వేరే సహచరులతో చేరి తూమును మూయిస్తుంది కూడ. తెరవడం, మూయడం రెండూ అవసరమే. నీరు ఎల్లకాలం పారితే పైరు కుళ్ళిపోతుంది.

దీని ప్రాముఖ్యం 1997లో బయటపడింది. ఆ సంవత్సరం మే నెలలో సెల్ అనే పత్రిక ఒకే సంచికలో దీనిపై నాలుగు పరిశోధన వ్యాసాలను ప్రచురించింది. జపాన్‌లో కొమోరి బృందమూ, లండన్‌లో ఒట్టో బృందమూ ఈ జన్యువు పూర్తిగా లేని ఎలుక పిల్లలను పుట్టించారు. ఆ పిల్లలకు అస్థిపంజరం ఆకారమంతా ఉంది, కాని అందులో ఎముక లేదు, అంతా మృదులాస్థే. పక్కటెముకలు గట్టిపడనందువల్ల ఊపిరి తీసుకోలేక అవి పుట్టిన వెంటనే మరణించాయి. డ్యూసీ, కార్సెంటీల బృందం ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలకు ఇదే అధిపతి అని నిరూపించింది. ముండ్లోస్ బృందం మనుషులలో ఒక వంశపారంపర్య వ్యాధికి ఈ జన్యులోపమే కారణమని చూపింది.

ఆ వ్యాధి పేరు క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా. ఇందులో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులలో ఒకటి పనిచేయదు. వీరికి జత్రుకలు, అంటే మెడ కింది అడ్డ ఎముకలు, సరిగా ఏర్పడవు. కొందరు రెండు భుజాలను ఎదురు రొమ్ము మీద దాదాపు కలపగలరు. మాడు చాలా ఏళ్ళు మెత్తగానే ఉంటుంది. అదనపు పళ్ళు వస్తాయి. ఈ వ్యాధి ఉన్నవారి ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశంతో సంక్రమిస్తుంది. నీరు మార్చినా, ఊరు మార్చినా దీనిలో మార్పుండదు. వంశదోషమంటే ఇది.

ఫ్లోరైడు చేసే రెండు పనులు

ఇప్పుడు నెల్లూరు మెట్టకు తిరిగి వద్దాము. దేహంలో నిలిచిపోయే ఫ్లోరైడులో దాదాపు 99 శాతం ఎముకలలోనూ పళ్ళలోనూ చేరుతుంది. అక్కడ అది రెండు పనులు చేస్తుంది.

మొదటిది కేవలం రసాయనిక క్రియ. ఎముక స్ఫటికంలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడు ఆక్రమిస్తుంది. రెండవది కణాల మీద ప్రభావం. ప్రయోగశాలలో పెంచిన ఎముక కణాల మీదా, ఎలుకల మీదా జరిగిన అనేక ప్రయోగాలలో, ఫ్లోరైడు కొన్ని మోతాదులలో రన్క్స్-2ను ఎక్కువ చేసి ఆస్టియోబ్లాస్ట్‌లను పనికి పురికొల్పడం కనిపించింది. మోతాదు మరీ మించితే ఆ కణాలే దెబ్బతింటాయి. తూము అవసరానికి మించి తెరుచుకొన్నదన్నమాట. ఎముక ఉండవలసిన చోట దట్టమవుతుంది, ఉండకూడని చోట మొలుస్తుంది.

గమనించండి. ఇక్కడ రన్క్స్-2 జన్యువులో ఒక్క అక్షరమూ మారలేదు. గ్రంథం చెక్కుచెదరలేదు, చదవడమే హెచ్చింది. ఎముక కణంలో జరిగిన ఈ హెచ్చుతగ్గు వీర్యంలోకో అండంలోకో పోయి బిడ్డకు వారసత్వంగా అందదు. ఆ యువకుడు ఫోనులో చదివిన వాక్యానికి అర్థం ఇంతే.

దట్టమైన ఎముక గట్టి ఎముకేనా?

ఈ చరిత్రలో మరొక మలుపు ఉంది. ఫ్లోరైడు ఎముకను దట్టం చేస్తుందని తెలిసిన తరువాత, వృద్ధాప్యంలో గుల్లబారే ఎముకలకు దానినే మందుగా ఎందుకు ఇవ్వకూడదని 1960ల నుంచి వైద్యులు ప్రయత్నించారు. 1990లో అమెరికాలో రిగ్స్ బృందం ముట్లుడిగిన 202 మంది స్త్రీలపై 4 సంవత్సరాలు జరిపిన పరిశీలన ఫలితాలను ప్రకటించింది. రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు పుచ్చుకొన్నవారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. కాని వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు, ఇతర ఎముకలు విరగడం హెచ్చింది. సాంద్రత వేరు, బలం వేరు అని రుజువైంది. మన మెట్ట రైతు నడుము ఆ సంగతి ఎన్నడో చెప్పింది, ఎవరూ వినలేదు.

నెల్లూరు తరువాత నల్లగొండ

1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో మరొక రూపాన్ని వర్ణించారు. ఎదిగే వయసు పిల్లలలో మోకాళ్ళు ఒకదానినొకటి ఒరుసుకొంటూ పాదాలు ఎడంగా పోవడం, ఎముకలు గుల్లబారడం అందులోని లక్షణాలు. ఒకే ఫ్లోరైడు ఒకచోట ఎముకను దట్టం చేసి, మరొకచోట గుల్ల చేయడంలో ఆహారానికి ప్రధానపాత్ర ఉంది. కాల్షియం చాలని పిల్లలకు హాని ఎక్కువ.

అదే దశాబ్దంలో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగు పొడితో ఫ్లోరైడును తేర్చివేసే పద్ధతిని రూపొందించింది. దానికి నల్లగొండ పద్ధతి అన్న పేరు ప్రపంచమంతటా నిలిచింది. 2008-09లో కేంద్ర ప్రభుత్వం ఫ్లోరోసిస్ నివారణ కార్యక్రమాన్ని ఆరంభించినప్పుడు మొదట ఎంపికైన కొద్ది జిల్లాలలో నెల్లూరు ఒకటి. 1937లో వ్యాధి పేరు తెలిసిన నేలకు ప్రత్యేక కార్యక్రమం రావడానికి 70 సంవత్సరాలు పట్టింది.

మీరు గుర్తుంచుకోవలసినవి

తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన దేశపు ప్రమాణం 1 మిల్లీగ్రాము లోపు ఉండడం మేలంటుంది. మెట్టలో బోరు వేసినప్పుడు నీరు పడిందని సంతోషించి ఊరుకోక, నీటి నమూనాను పరీక్షకు పంపండి.

నీరు మరిగిస్తే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. వాననీటి నిలువ, నది నుంచి తెచ్చే కుళాయి నీరు, ఆర్.ఓ. యంత్రం, పరీక్షించి చూసిన వేరొక బావి, వీటిలో అందుబాటులో ఉన్నదానిని తాగడానికీ వంటకూ వాడండి.

ఎదిగే పిల్లలకు, గర్భవతులకు పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ, కొంత ఎండ తప్పనిసరి. నల్ల ఉప్పు, ఆ ఉప్పు కలిసిన చిరుతిండ్లు తగ్గించండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఫ్లోరైడు బయటకు పోవడం తగ్గుతుంది, వారు మరింత జాగ్రత్త వహించాలి.

ముదిరిన ఎముకల ఫ్లోరోసిస్‌ను వెనుకకు మళ్ళించే మందు లేదు. మళ్ళిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. "జన్యుపరీక్ష చేసి చెబుతాం" అనేవారినీ నమ్మవద్దు. ఈ వ్యాధిలో పరీక్షించవలసినది మొదట నీటిని, తరువాత మూత్రాన్ని, ఎక్స్‌రేను.

ఒకే బావి నీరు తాగినా అందరికీ ఒకే తీవ్రతతో వ్యాధి రాదు. ఎంత నీరు తాగుతారు, ఎండలో ఎంత పని చేస్తారు, ఏమి తింటారు అన్నవాటితోపాటు మనిషికీ మనిషికీ ఉండే సహజమైన జన్యుభేదాలు కూడ కొంత కారణం కావచ్చు. కాని బావిలో ఫ్లోరైడు లేకపోతే ఏ వంశానికీ ఈ వ్యాధి లేదు.

ఆ యువకుడికి ఇదంతా దుకాణం అరుగు మీదనే కూర్చోబెట్టి చెప్పాను. అతడి పళ్ళ మీద సన్నని గోధుమ చారలున్నాయి. అవి చిన్ననాటి నీటి గుర్తులు, ఇక మారవు. ఊరిలో ఇంకా ఆ బోరు నీరే తాగుతున్నారా అని అడిగాను. అమ్మా, చెల్లెలూ తాగుతున్నారన్నాడు. పెళ్ళి మాటల కంటె ముందు ఆ నీటిని సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వమన్నాను. వధువు పెద్దలకు సందేహముంటే నా వద్దకు తీసుకొని రమ్మన్నాను.

ఈసారి తల ఊపి ఊరుకోను. వారు అడిగిన ప్రతి ప్రశ్నకూ నోరు తెరిచి జవాబు చెబుతాను.